బొటనవేలి గుంట

బావ విసిరిన గడ్డం బ్రష్షు అక్క కుడి చెవిని చీల్చుకుంటూ పోయి తలుపు చట్రానికి తగిలింది. చెవికి రెండు కుట్లు పడ్డాయి. బ్రష్షు పిడి నిలువునా పగిలింది. దాని వెంట్రుకల కుచ్చు ఊడిపోయి వంటగదిలోకి దొర్లింది.

"తల కదపకుండా ఉండుంటే పగిలేది కాదు," అన్నాడట బావ.

అది ఆయన తండ్రి జీవితమంతా వాడిన బ్రష్షు. గేదె కొమ్ముతో చేసిన పిడి, పంది వెంట్రుకల కుచ్చు. తండ్రి పోయిన ఈ ఏడేళ్లుగా బావ రోజూ దాంతోనే నురగ పట్టించుకుంటాడు. ఆ పావుగంటా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా వినపడకూడదు. ఆ రోజు నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయని ఆయన అరిచాడు. గ్యాసు అయిపోయిందని అక్క చెప్పింది. అంతే జరిగింది.

బావ లారీ నడుపుతాడు. ఆ పొద్దునే లోడు ఎక్కించుకుని బయల్దేరుతూ చెప్పి వెళ్లాడు. "నాలుగు రోజుల్లో వస్తా. అప్పటికి అది ఎలా ఉండేదో అలా ఉండాలి. మీ డిగ్రీగాడు ఉన్నాడుగా, వాడికివ్వు."

డిగ్రీగాడంటే నేను. మా ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటివాణ్ణి. అక్క ఐదో తరగతితో ఆగిపోతేనే నేను పదిహేనేళ్లు చదవగలిగాను. నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం చేస్తాను. సెలవురోజుల్లో పాత సామాన్ల అంగళ్లు తిరిగి విరిగిన గడ్డం బ్రష్షులు ఏరుకొస్తాను. పాత కుచ్చు పీకి, జిగురు గీకి, పిడికి మెరుగు పెట్టి, కొత్త కుచ్చు బిగిస్తాను. నా గదిలో అల్మరా మీద అలాంటివి పద్నాలుగు ఉన్నాయి.

"గెడ్డమే సరిగ్గా మొలవదు, వీడికి పద్నాలుగు బ్రష్షులు," అంది అక్క, చెవికి కట్టుతో నా గదిలో కూర్చుని. నవ్వబోతే కుట్లు లాగినట్టున్నాయి, సగంలో ఆగిపోయింది. తర్వాత కొంగులోంచి పగిలిన పిడీ కుచ్చూ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది బాగవకపోతే నన్ను చంపేస్తాడురా. ఊరికే అనే మాట కాదు."

ఇక్కడే ఉండిపో అక్కా అని నేను అనలేదు. ఆ మాట నాకు తట్టనే లేదు. పిడిని వెలుతురులో తిప్పి చూసి, "ఇది బాగవుతుంది," అన్నాను.

ల్యాబుకు రెండు రోజులు సెలవు పెట్టాను. పగులు లోపలి మురికిని సూదితో తీశాను. కొమ్ము ముక్క ఒకటి ఆకురాయితో అరగదీసి, ఆ పొడిని జిగురులో కలిపి పగుల్లో కూరాను. అలా చేస్తే అతుకు రంగు కలిసిపోతుంది. దారంతో బిగించి కట్టి ఆరబెట్టాను. మర్నాడు దారం విప్పి చూస్తే నాకే అతుకు దొరకలేదు.

అక్కడితో ఆపాల్సింది.

పిడి నడుం దగ్గర ఒక పక్క చిన్న గుంట కనబడింది. కొమ్ము అక్కడ అరిగి, పిడి ఒక వైపుకి వాలినట్టుంది. అవతలి వైపు చూస్తే గుండ్రంగా, నిండుగా ఉంది. చేసినవాడు రెండు వైపులా ఒకేలా చేసి ఉంటాడు కదా అనుకున్నాను. మిగిలిన పొడీ జిగురూ ఆ గుంటలో నింపాను. గరుకు కాగితంతో మొదలుపెట్టి నున్నటి కాగితం దాకా ఐదు రకాలతో తడిపి తడిపి రుద్దాను. పసుపు మరకలు పోయాయి. కొమ్ములోని తేనెరంగు చారలు పైకి తేలాయి. పాత కుచ్చునే కడిగి, ఆరబెట్టి మళ్లీ బిగించాను. నేను బాగుచేసిన వాటిలో అంత అందంగా వచ్చింది ఇంకోటి లేదు.

అక్క దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇది ఆయనదేనా?"

"కొత్తలో ఇలాగే ఉండేది."

"ఏమోరా. నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు."

నాలుగో రోజు పొద్దున బ్రష్షు నేనే తీసుకెళ్లాను. మెచ్చుకుంటాడని ఆశ పడ్డానని ఒప్పుకోవాలి. బావ బనీనుతో నడవలో వాష్‌బేసిన్ ముందు నిలబడి ఉన్నాడు. స్టీలు గిన్నెలో సబ్బు నానుతోంది. బ్రష్షు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"పర్లేదే డిగ్రీ. పనికొచ్చే విద్యే నేర్చావు."

వెనక నిలబడ్డ అక్క ఊపిరి వదలడం నాకు వినబడింది.

ఆయన నురగ గిలక్కొట్టి ఎడమ చెంపకి పట్టించాడు. కుడి చెంపకి వెళ్లబోతూ ఆగాడు. బ్రష్షుని చేతిలో సర్దుకున్నాడు. మళ్లీ సర్దుకున్నాడు. బొటనవేలు పిడి మీద పైకీ కిందకీ వెతుక్కుంది. నాకప్పుడు అర్థమైంది. ఆ గుంట ఊరికే పడ్డ అరుగుదల కాదు. ఆయన తండ్రి బొటనవేలు నలభై ఏళ్లు ఆనుకున్న చోటు. బావ వేలు కూడా రోజూ పొద్దున అందులోనే కూర్చునేది.

"ఇక్కడ మా నాన్న ఉండాలి," అన్నాడు. గొంతు చాలా మామూలుగా ఉంది.

"బావా, అది నేను..."

ఆయన నా వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, బ్రష్షు పట్టుకున్న పిడికిలితోనే అక్కని మొహం మీద గుద్దాడు. చెంప ఎముక దగ్గర చర్మం చిట్లింది. ఆమె ఒరిగేలోపే జడ పట్టుకుని లాగి, నుదురు బేసిన్ అంచుకేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి కొట్టేసరికి పింగాణీ పెచ్చు లేచి కింద పడింది. అక్క అరవలేదు. అలవాటైనవాళ్లు అరవరని అప్పుడే తెలిసింది నాకు.

నేను ఆయన నడుం పట్టుకుని లాగాను. "బావా, తప్పు నాది. నన్ను కొట్టండి."

"నిన్ను కొడితే నీకొక్కడికే నొప్పి," అన్నాడు రొప్పుతూ. "దీన్ని కొడితే ఇద్దరికీ."

"వదులు. వదలరా నువ్వు."

అక్క పెళ్లయిన ఏడేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆయన అక్కని వదిలాడు. నన్ను గోడకి తోసి, నేను తలుపు చట్రం పట్టుకుని నిలదొక్కుకుంటుంటే ఆ తలుపు ఈడ్చి మూశాడు. నా ఎడమ చెయ్యి చట్రంలో ఉంది. రెండు వేళ్లు విరిగిన చప్పుడు ముందు వినబడింది, నొప్పి తర్వాత వచ్చింది. తలుపు తెరిచి మళ్లీ మూయబోయాడు. నా కుడి చేతికి సబ్బు గిన్నె అందింది. దాంతో కనుబొమ మీద కొట్టాను. ఆయన వెనక్కి అడుగు వేసి, నేల మీది నురగలో జారి వెల్లకిలా పడ్డాడు.

ఆయన ఛాతీ మీద మోకాలు పెట్టి కూర్చుని కొట్టాను. ఎన్నిసార్లో నాకు తెలీదు. మొదట ముక్కు, తర్వాత నోరు. ఒక పన్ను నా మణికట్టు మీదకి ఎగిరి అంటుకుంది. నురగ ఎర్రబడింది. చేతులడ్డం పెట్టడం ఆయన మానేశాక కూడా కొట్టాను. గిన్నె వంకర పోయాక దాన్ని పారేసి గొంతు పట్టుకున్నాను. నా ఒక్క చేతి కింద ఆ గొంతు గుటక వేయడానికి ప్రయత్నించడం తెలుస్తూనే ఉంది. నాకు సంతోషంగా ఉంది. అబద్ధం రాయను.

"లేరా," అంది అక్క.

నేను లేవలేదు.

ఆమె పాక్కుంటూ వచ్చి నా చొక్కా కాలరు పట్టుకుంది. నుదుటి మీంచి రక్తం ఒక కంట్లోకి దిగుతోంది. "వాడు చస్తే మంచివాడైపోతాడు. నువ్వు జైలుకి పోతావు. ఏడేళ్ల సంగతి ఎవడూ వినడు. లే."

నా వేళ్లు ఒక్కొక్కటీ ఆమే విడదీసింది.

పక్కింటివాళ్లు బావని ఆస్పత్రికి మోసుకెళ్లారు. మేమిద్దరం అదే ఆస్పత్రిలో కట్లు కట్టించుకుని మధ్యాహ్నానికి పోలీస్ స్టేషన్లో కూర్చున్నాం. దారి పొడుగునా నేను ఫిర్యాదుకి వాక్యాలు పేర్చుకుంటూనే ఉన్నాను. ఇంటి దరఖాస్తులన్నీ రాసేది నేనే. 'మాటామాటా పెరిగి, ఆవేశంలో ఇరువైపులా...' అని మొదలుపెడితే గొడవ పెద్దది కాకుండా ఉంటుందనిపించింది. అక్క మళ్లీ ఆ ఇంటికే వెళ్లాల్సి వస్తే దారి మూసుకుపోకూడదు కదా అని కూడా అనిపించింది. ఆ రక్తం చూశాక కూడా అలా అనిపించింది.

"గొడవ దేనికి?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"గడ్డం బ్రష్షు," అన్నాను.

ఆయన మూత తీసిన పెన్ను అలాగే పట్టుకుని మమ్మల్నిద్దర్నీ చూశాడు. "గడ్డం బ్రష్షా? అవతలాయనకి మూడు పళ్లు పోయాయయ్యా. నీ మీద కూడా కేసవుతుంది, తెలుసా?"

"తెలుసు సార్."

"చదువుకున్నవాడిలా ఉన్నావు. జరిగింది రాసివ్వు." తెల్లకాగితాలు నా వైపు జరిపాడు. నా కుడి చెయ్యి బాగానే ఉంది. పెన్ను అందుకున్నాను.

అక్క ఆ కాగితాలు తన వైపు లాక్కుంది.

"నేను రాస్తాను సార్."

"నీకు రాయడం వచ్చామ్మా?"

"ఐదు దాకా చదివాను. మెల్లగా రాస్తాను."

"తమ్ముడైతే పది నిమిషాల్లో అయిపోతుంది కదమ్మా."

"వాడు రాస్తే గుంటలన్నీ పూడ్చి నున్నగా రాస్తాడు సార్," అంది అక్క నా మొహం చూడకుండానే. "నాకు ఉన్నది ఉన్నట్టు కావాలి."

నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. పెళ్లయిన మూడో వారం దగ్గర మొదలుపెట్టింది. ఒత్తులు తప్పుతున్నాయి. నేను చూస్తూ కూర్చున్నాను. నాలుగు కాగితాలు నిండాక ఇంకో రెండు అడిగింది.