మూడో చప్పుడు

డొలీనా కరీ పచ్చిక మధ్యకు వచ్చి ఆగి, చెక్కలు పైకెత్తింది. తోలుపట్టీతో కలిపి కట్టిన రెండు పలకలవి. మొదటి చప్పుడుకి అడవిబాతులు మెడలెత్తి చూశాయి. తెల్లటి మొహాలు, నల్లటి మెడలు, కొన్ని వందలు. రెండో చప్పుడుకి నోట్లో గడ్డి నోట్లోనే ఉంచుకుని నాలుగడుగులు పక్కకు జరిగాయి. మూడోదానికి గానీ లేవలేదు. లేచి, పెద్దగా అరుచుకుంటూ రాతిగోడ దాటి, అవతలి బీట్లో దిగాయి.

"తిండిపోతుల్లారా!" అంది డొలీనా.

చలికాలమంతా ఆమె పని ఇదే. గ్రీన్‌లాండ్ నుంచి ఈ స్కాట్లండ్ దీవికి వచ్చే బాతులు గొర్రెలకు పెంచిన గడ్డిని మొదళ్ళ దాకా కొరికేస్తాయి. వాటిని తోలడానికి రైతులు ఆమెకు కూలి ఇస్తారు. మనిషి పొడుగు, ఎదురుగాలికి నడిచీ నడిచీ ముందుకు వంగిపోయింది. చేతివేళ్ళ కణుపులు వాచి ఉంటాయి. చేపల పడవల వాళ్ళు వేసుకునే నారింజ రంగు కోటు మోకాళ్ళ కిందికి వేలాడుతుంది. మోచేతుల దగ్గర చిరిగితే సైకిలు ట్యూబు ముక్కలు అతికించుకుంది.

గోడ చాటున కూర్చుని ఫ్లాస్కు విప్పి టీ పోసుకుంది. వేలు తడిపి గాలికి పట్టింది. ఇంకా పడమర నుంచే వస్తోంది. దక్షిణం నుంచి వీస్తే చాలు, ఏప్రిల్ వచ్చింది కాబట్టి బాతులు ఉత్తరానికి లేచిపోతాయి. సోమవారం లోపు గాలి తిరగాలి. సోమవారం నుంచి తుపాకులు వస్తాయి. ఇవాళ శుక్రవారం, ఆమె పనికి ఆఖరి రోజు.

బాతుల్ని కాల్చడానికి ప్రభుత్వం లైసెన్సులు ఇస్తుంది. ఇంకో దారి లేకపోతేనే ఇవ్వాలని చట్టం. ఇంకో దారి ఉందని, ఆ దారి పేరు డొలీనా కరీ అని, ఎడిన్‌బరో నుంచి వచ్చిన లాయరు ఫెలిసిటీ కోర్టుకెక్కింది. అంతకుముందు డొలీనా వంటింట్లో కూర్చుని, ఆమె చేసిన జామ్ మెచ్చుకుంటూ సాక్ష్యం రాసుకుంది.

"అన్నీ బాగా చెప్పారు. కానీ కాస్త మనసు కనిపించేది ఏదైనా చెప్పండి, డొలీనా గారూ."

"మనసా? ఏముంటుందమ్మా! ఇన్నేళ్ళకి నేను వాటికి అలవాటైపోయాను. నన్ను చూస్తే ఇప్పుడు భయపడవు."

ఫెలిసిటీ కళ్ళు చెమర్చాయి. "అదే రాద్దాం," అంది.

కోర్టులో అవతలి లాయరు లేచి ఆ ఒక్క మాటే చదివాడట. తోలడం వల్ల లాభం లేదు, తోలే మనిషే ఒప్పుకుంది, అన్నాడట. లైసెన్సులు చెల్లుతాయని తీర్పు వచ్చింది. ఫెలిసిటీ ఒకసారి ఫోను చేసింది. మీ తప్పేమీ లేదు, వచ్చే ఏడు ఇంకో దీవి తరఫున కేసు వేస్తాం, అక్కడ సాక్షి గట్టివాడు, అంది. తర్వాత డొలీనా చేసిన ప్రతిసారీ ఎవరో అబ్బాయి తీసి, మేడమ్ మీటింగులో ఉన్నారన్నాడు.

గోడ అవతల మోటారు చప్పుడైంది. నాలుగు చక్రాల బండి మీద రూరీ వచ్చాడు. డొలీనా చెల్లెలి కొడుకు. తల్లి పోయిన దగ్గర్నుంచి డొలీనా చేతిలోనే పెరిగాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. సోమవారం నుంచి కాల్చే పని అతనికే ఇచ్చారు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు.

"ఏం పెద్దమ్మా, నీ మనవలు భోంచేశారా?" అన్నాడు బాతుల వైపు చూస్తూ.

"చేశారు. నువ్వు తిన్నావా?"

"మా ఆవిడ గంజి పోసింది. దాన్ని తిండి అంటే నీకే కోపం వస్తుంది." నవ్వి, ఆకాశం చూశాడు. "వాన వచ్చేలా ఉంది. ఆ చివర కంచె తీగ ఊడింది, బిగించి వస్తా. కోటు ఇంట్లో మర్చిపోయా."

"నలభై ఏళ్ళొచ్చినా బుద్ధి రాలేదు. ఇటు రా."

తన కోటు విప్పి తొడిగింది. చిన్నప్పుడు బడికి పంపేటప్పటిలాగే గడ్డం కింద గుండీ పెట్టి, కోటు టోపీ మొహం మీదికి లాగింది. అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. బండి దగ్గర ఒక్క క్షణం ఆగి, గోడ వెంట వెళ్ళిపోయాడు.

డొలీనా టీ ముగించి లేచింది. అవతలి బీట్లో నారింజ రంగు కోటు బాతుల మధ్యకు నడుస్తోంది. కంచె అటువైపు లేదు. కోటు అంచు కింద ఇనుప గొట్టం మెరిసింది.

చెక్కలు ఎత్తి కొట్టింది. బాతులు మెడలెత్తాయి. కోటును చూశాయి.

మళ్ళీ కొట్టింది. నాలుగడుగులు పక్కకు జరిగాయి.

మూడోసారి ఎత్తిన చెక్కలు కలిసేలోపే తుపాకి పేలింది.

రూరీ తిరిగివచ్చేసరికి వాన మొదలైంది. డొలీనా తడుస్తూ గేటు దగ్గర నిలబడి ఉంది.

"సోమవారం అన్నారుగా."

"లైసెన్సు నిన్నటి నుంచే ఉంది. గాలి తిరుగుతుంది పెద్దమ్మా, సోమవారానికి ఒక్కటీ మిగలదు. లెక్క చూపించకపోతే వచ్చే ఏడు ఈ పని నాకివ్వరు."

ఆమె అతని ఒంటి మీది కోటు వైపు చూసింది.

"నిజం చెప్పి అడిగితే ఇచ్చేదానివా?"

"గుండీ పెట్టింది నేనే," అంది డొలీనా.

అతను కోటు విప్పి ఆమె వైపు చాపాడు. ఆమె చెయ్యి చాపలేదు. అతను దాన్ని గేటు కొయ్యకు తగిలించి వెళ్ళాడు. ఆమె చెక్కల్ని దాని జేబులో వేసి, వానలోనే ఇంటిదారి పట్టింది.

మర్నాడు గాలి తిరిగి దక్షిణం నుంచి వీచింది. మిగిలిన బాతులు చీకటి పడకముందే వెళ్ళిపోయాయి. ఆ వేసవిలోనే డొలీనా కూడా, అవతలి ఒడ్డున ఉన్న దూరపు చుట్టం ఇంటికని ఓడెక్కింది. రూరీ రేవుకి వచ్చి సామాను అందించాడు. ఆమె పైకి వెళ్ళి కూర్చుంది. తర్వాత దీవికి రాలేదు.

అక్టోబరులో బాతులు వచ్చాయి. ఆ పచ్చిక మీద ఒక చుట్టు తిరిగి, దిగకుండా దూరంగా పోయాయి. గేటుకు కోటు ఇంకా వేలాడుతోంది. గాలి వీచినప్పుడు జేబులోని చెక్కలు కొయ్యకు తగిలి ఒకసారి చప్పుడవుతుంది, ఆగి మరోసారి.