వెనక చప్పుడు

లిఫ్టులు బాగుచేసే మనిషి లిఫ్టు లేని భవనంలో, అదీ అయిదో అంతస్తులో, కాపురం ఉంటున్నాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఈ మెకానిక్‌కీ మొదట్లో నవ్వొచ్చింది. పొద్దస్తమానం జనాన్ని ఎక్కించి దించే యంత్రాలతో కుస్తీ పట్టి, సాయంత్రం తన ఒంటిని తనే మోసుకుంటూ మెట్లెక్కేవాడు. విడాకులయ్యాక దొరికిన గది అది. ఒక మంచం, బల్ల, పొయ్యి, వీధివైపు కిటికీ. ఒంటి మనిషి బతుకుని కాపురం అనడం ఎక్కువే, కానీ దానికి వేరే మాట ఎవరూ పెట్టలేదు.

ఆ గదిలో అతను ప్రాణంగా చూసుకునేది ఒక్కటే, కూతురు వదిలేసిన పాత టాబ్లెట్. మూల పగిలింది, ఛార్జరు ఒక పక్కకి వంచి పట్టుకుంటే గానీ ఎక్కదు. అయినా రోజూ పనినుంచి రాగానే చేతులు కడుక్కుని, తుడుచుకుని, దాన్ని బల్లమీద పెట్టుకుని తెరిచేవాడు.

కూతురికి పదేళ్లప్పటి మాట. ఆదివారాలు అతని వాటా. తల్లి పిల్లని కింద గేటు దగ్గర దింపి వెళ్లిపోయేది. అయిదంతస్తులు ఎక్కొచ్చి ఆ పిల్ల మంచంమీద కూలబడేది. అతనేమో నోట్లో మాట పెగలని రకం. "బడి ఎలా ఉంది?" అనేవాడు. "బాగుంది" అనేది. అంతే, అక్కడితో ఇద్దరి సరుకూ అయిపోయేది. మిగతా పూటంతా గోడలు చూసుకోవడమే. సాయంత్రం పిల్ల వెళ్లిపోయాక, అడగాల్సినవన్నీ అప్పుడు వరసపెట్టి గుర్తొచ్చేవి.

ఒక ఆదివారం ఆ పిల్లే విసిగిపోయి, టాబ్లెట్ తీసి బల్లమీద పెట్టింది.

"నాన్నా, ఏదైనా వాయించు."

"నాకేం వచ్చు తల్లీ వాయించడం?"

"ఆ చెంచాతో గ్లాసుమీద కొట్టు చాలు. మిగతాది ఇది చూసుకుంటుంది."

కొట్టాడు. తెరమీద నీలంరంగు పట్టీ ఒకటి పాక్కుంటూ వచ్చింది. అది పాటలు తయారుచేసే యాప్. కొట్టిన నాలుగు దెబ్బల్నీ ఆ పిల్ల వేలితో లాగి, కోసి, మళ్లీ మళ్లీ వచ్చేలా అతికించింది. తర్వాత దానిమీద తనకి తోచిన మాటలేవో పాడింది. ఈసారి పసుపుపట్టీ వచ్చింది. రెండూ కలిపి వినిపిస్తే అతను మళ్లీ పెట్టమన్నాడు. తన చెంచా చప్పుడు, తన కూతురి గొంతు, రెండూ ఒకే పాటలో ఉన్నాయి.

ఆ రోజునుంచి ఆదివారాలు చాలక వారమంతా దానికే సరిపోయింది. పనిచేసే చోటల్లా ఫోనులో చప్పుళ్లు పట్టుకొచ్చేవాడు. తలుపుల కింద చక్రాలు జారే శబ్దం, బ్రేకు వదిలినప్పటి టక్కు, అంతస్తు వచ్చిందని చెప్పే టింగు. వేరే తండ్రులు బొమ్మలు తెస్తారు, ఇతను టింగులు తెచ్చేవాడు. ఆ పిల్ల వాటన్నిటికీ పాటలో చోటు చూపించేది. పాటకి 'అయిదో అంతస్తు' అని పేరు కూడా పెట్టింది, ఎందుకంటే మొదట్లో వచ్చేది మెట్లెక్కి ఆయాసపడుతున్న ఆమె ఊపిరే. కీచుగొంతు అని అతను ఆమెని పిచ్చుకా అని పిలిచేవాడు.

ఒక్క విషయంలో మాత్రం తండ్రీకూతుళ్లకి చుక్కెదురు. పాత పట్టీలు వింటూ కొత్తది రికార్డు చేసేటప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి. లేకపోతే టాబ్లెట్‌లోంచి వచ్చే పాట గాల్లోకి వచ్చి, మళ్లీ అదే టాబ్లెట్ మైకులో దూరి, కొత్త పట్టీలో కలిసిపోతుంది. ఆమె పాట మొత్తం వింటూ అతను చెంచా మళ్లీ కొట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ఈ మాట చెప్పేది. ఇతను చస్తే పెట్టుకోడు. మొండితనం కాదది, పనిలో పట్టిన బుద్ధి. అతనికి పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పిన మాట, లిఫ్టు పైకీ కిందికీ తిరిగే షాఫ్టులోకి దిగినవాడు చెవులు మూసుకోకూడదని. పైన లిఫ్టు పెట్టె కదిలినా, రోపు జారినా, కంటికంటే ముందు చెవికే తెలుస్తుంది. ఇరవై ఏళ్లు చెవులు తెరుచుకుని బతికినవాడికి, ఇంట్లో కూర్చున్నా సరే, చెవుల్లో ఏదైనా పెట్టుకుంటే వెనకనుంచి ఎవరో వస్తున్నట్టే ఉండేది.

"నా గొంతంతా నీ చెంచాలో పడిపోతోంది నాన్నా. వెనక చప్పుడు. పాడైపోయింది చూడు" అని ఆ పిల్ల తలపట్టుకునేది. ఒక పుట్టినరోజుకి దాచుకున్న డబ్బుతో ఇయర్‌ఫోన్స్ కొనిచ్చింది కూడా. అతను మురిసిపోయి, నలుగురికీ చూపించి, డబ్బా విప్పకుండా సొరుగులో దాచుకున్నాడు.

పిల్లలు పెరుగుతారు, దానికెవరూ ఏమీ చేయలేరు. ఆదివారాలు నెలకి రెండయ్యాయి, ఒకటైంది, తర్వాత పరీక్షలు, స్నేహితులు, పాటల క్లాసులు. అయితే ఆ యాప్‌లో ఒక సదుపాయం ఉంది. పాట ఇద్దరిదీ కాబట్టి ఎవరింట్లోంచి వాళ్లు పట్టీలు చేర్చుకోవచ్చు. అవతలివాళ్లు ఏదైనా చేస్తే ఇవతల ఎర్రచుక్క కనిపిస్తుంది. మొదట్లో తరచుగా కనిపించేది. తర్వాత మానేసింది. అతను మాత్రం రోజూ తెరిచి చూసేవాడు. ఫోన్ చేయొచ్చుగా అంటారేమో. ఫోన్లో అతను నీళ్లు నమలడం, ఆ పిల్ల "ఇంకేంటి నాన్నా" అనడం ఇద్దరికీ ఇబ్బందే. పాట ఉంది కదా, అది ఉన్నంతవరకు తాను ఆమెకి ఏదో ఒకటి అవుతాడని అతని ధైర్యం. అతనికి మిగిలిన ఆస్తి అదొక్కటే.

ఒకరోజు మధ్యాహ్నం, అదే యాప్ పెట్టుకున్న అతని ఫోనులో ఆ ఎర్రచుక్క కనిపించింది.

అప్పుడతను ఒక ఆఫీసు భవనం పైన మెషీన్ రూములో టిఫిన్ డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు. ప్రాణం లేచొచ్చింది. పక్కనున్న జోడీ మెకానిక్ ఆ మొహం చూసి, "ఏంటి బావా, లాటరీ తగిలిందా?" అన్నాడు. వాళ్లిద్దరికీ చుట్టరికమేమీ లేదు, ఒకే రోపుకి వేలాడిన చనువు.

"మా పిచ్చుక పాట పంపింది."

"విను మరి."

"ఇక్కడొద్దు. ఇంటికెళ్లి వింటా."

ఆ సాయంత్రం మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలీదు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. ఛార్జరు వంచి పట్టుకుని టాబ్లెట్ తెరిచాడు. కొత్త పట్టీ ఏదీ లేదు. పాత పసుపుపట్టీలు కూడా లేవు. తెరమీద రెండు ముక్కలు: ఒకరు ఈ పాటనుంచి తప్పుకున్నారు, వారి భాగాలు తీసివేయబడ్డాయి. తెరంతా నీలమే, నడుమ ఖాళీలు.

యాప్ ఏదో తప్పు చేసిందనుకున్నాడు. మూసి తెరిచాడు, మళ్లీ మూసి తెరిచాడు. ఆఖరికి ఫోన్ చేశాడు.

"ఆఁ, నేనే తీసేశాను నాన్నా" అంది కూతురు. చుట్టూ ఎవరో నవ్వుతున్నారు. "కాలేజీలో మ్యూజిక్ కోర్సులో చేరుతున్నా కదా, నా పేరుమీద ఉన్నవన్నీ వాళ్లు చూస్తారు. ఆ చిన్నప్పటి గొంతు వింటే నాకే సిగ్గేస్తోంది. నీ ట్రాకులు నీకే ఉన్నాయి. వాటినేం ముట్టుకోలేదు."

"అలాగా."

"ఏం, నీకేమైనా కావాలా అందులో?"

కావాలి. ఒక్కమాట చెబితే సరిపోయేది. "లేదమ్మా, ఊరికే అడిగా. బాగా చదువుకో" అన్నాడు.

"సరే నాన్నా. ఇంకేంటి?"

ఆ తర్వాత అతను టాబ్లెట్ ముట్టుకోలేదు. పనినుంచి వచ్చి, వండుకున్నది తిని, కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఎదురు భవనంలో ఒక్కో గదిలో ఒక్కో టీవీ వెలుగుతూ ఉండేది. కూతురి మీద కోపం రాలేదు. పెద్దదయింది, చిన్నప్పటి గౌను దాచుకోవాలని రూలేమీ లేదు. కానీ ఆ గౌను తన దగ్గరే ఉండేదనీ, అడక్కుండా పట్టుకుపోయిందనీ బాధ. అలిగే హక్కు కూడా లేని బాధ అది, ఎందుకంటే పాడింది ఆమె, గొంతు ఆమెది.

మరో వారంలో ఒక ఆసుపత్రి లిఫ్టుకి జబ్బు చేసింది. కదిలినప్పుడల్లా ఎక్కడో సన్నగా కిర్రుమంటోంది, ఎక్కడిదో తెలియడం లేదు. ఇలాంటి చప్పుడు పట్టుకోవడంలో మన మెకానిక్ పెట్టింది పేరు. అతని పద్ధతి ఒకటే. ఫ్యాన్ ఆపించాడు, తలుపులు కదలకుండా పట్టించాడు, మోటారు ఆపి పెట్టెని చేత్తో మెల్లగా కిందికి వదిలించాడు. పెద్ద చప్పుళ్లన్నీ పోయాక చిన్నది తనంతట తనే బయటికొచ్చింది. పట్టాలమీద దొర్లే చక్రంలో ఒక బేరింగు అరిగిపోయింది.

"నీ చెవులకి దణ్ణం బావా" అన్నాడు జోడీ మెకానిక్. అతను పనిముట్లు సర్దుకున్నాడు.

ఆ సాయంత్రం ఒక నిర్ణయానికొచ్చి టాబ్లెట్ తీశాడు. సగం పోయిన పాట ఎవరికి, మొత్తం తీసేద్దామనుకున్నాడు. తీసేసేముందు చివరిసారి వినడం మర్యాద కదా అని ప్లే నొక్కాడు. టింగులు, టక్కులు, చక్రాల శబ్దం, చెంచా, అన్నీ ఒకదానిమీద ఒకటి పడి గోలగోలగా ఉంది. పాట లేకుండా అవి ఒట్టి లిఫ్టు చప్పుళ్లే. తీసేయడానికి వేలు చాపాడు.

ఆ గోల కింద ఏదో ఉంది.

ఇంకెవరికైనా వినిపించేది కాదు. అతను వేలు వెనక్కి తీసుకుని, ఆసుపత్రిలో చేసిన పనే ఇక్కడా చేశాడు. టింగుల పట్టీ ఆపాడు. చక్రాలు ఆపాడు. బ్రేకు ఆపాడు. చివరికి చెంచా ఒక్కటే మిగిలింది. చెంచా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో, గోడ అవతలనుంచి వస్తున్నట్టు సన్నగా, పదేళ్ల పిల్ల పాడుతోంది. మొదట ఆయాసం, తర్వాత పాట, మొత్తం పాట. అతను ఇయర్‌ఫోన్స్ పెట్టుకోని పాపానికి చెంచాలో పడిపోయిన గొంతు అది.

అతని కళ్లు మసకబారాయి. పాట అయిపోయినా పట్టీ ఇంకా నడుస్తూనే ఉంది, ఆపే బటన్ అతనికి అప్పట్లో ఓ పట్టాన దొరికేది కాదు. ఆ తడబాటులో గదిలోని పిల్ల మాటకూడా రికార్డయింది. ఇది సన్నగా లేదు, పక్కనే కూర్చుని అన్నట్టుంది.

"నాన్నా, మళ్లీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోలేదు కదూ?"

అతను జవాబు చెప్పేలోపు పట్టీ అయిపోయింది. తెర అడుగున యాప్ వినయంగా అడుగుతోంది: ఈ భాగంలో వెనక చప్పుడు ఉంది, శుభ్రం చేయమంటారా? అతను భయపడిపోయి, వేలు 'అవును'కి తగలకుండా జాగ్రత్తగా, 'వద్దు' నొక్కాడు.

రెండు రోజులకి కూతురే ఫోన్ చేసింది. అతను గోడకి ఆనుకుని మాట్లాడాడు.

"నాన్నా, కోర్సులో మొదటి పాట ఇవ్వాలి. నీ చెంచా తాళం, ఆ టింగూ వాడుకుందామనుకుంటున్నా. అలాంటివి ఎవరి దగ్గరా లేవు. పంపుతావా?"

"పంపుతానమ్మా."

"వెనక చప్పుడు ఉంటే మాత్రం శుభ్రం చేసి పంపు. లేకపోతే మావాళ్లు ఒప్పుకోరు."

తన చప్పుళ్లు కూతురికి పనికొస్తున్నాయన్న సంతోషం ఒక పక్క. ఇంకో పక్క, ఉన్నది ఉన్నట్టు పంపితే ఆమె తన పాత గొంతు వినేస్తుంది, సిగ్గుపడుతుంది, తీసేయమంటుంది. ఆమె తీసేయమంటే అతను కాదనలేడు. శుభ్రం చేసి పంపుదామంటే, యాప్‌లో ఒకసారి శుభ్రం చేసిందాన్ని మళ్లీ మురికి చేయడం అతనికి చేతకాదు. ఆలోచించి ఆలోచించి సొరుగు తెరిచాడు. ఇయర్‌ఫోన్స్ డబ్బామీద ఆ పిల్ల చేత్తో గీసిన పిచ్చుక బొమ్మ ఇంకా ఉంది. డబ్బా విప్పాడు.

కొత్తగా మళ్లీ కొట్టాడు. అదే చెంచా, అదే గ్లాసు. చెవులు మూసుకునేసరికి వీధి పోయింది, ఎదుటి టీవీలు పోయాయి, తన ఊపిరి కూడా పోయినట్టే అనిపించింది. వెన్ను జలదరించి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మూడోసారికి తప్పులేకుండా వచ్చింది. మర్నాడు పనిలో టింగుని కూడా అలాగే పట్టుకొచ్చి, రెండూ కలిపి పంపాడు. పాతవి తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆమెకి చెప్పలేదు.

జవాబు సాయంత్రానికి వచ్చింది. "అదిరింది నాన్నా. ఎంత శుభ్రంగా ఉందో, వెనక ఒక్క చప్పుడు కూడా లేదు. మొత్తానికి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నావన్నమాట."

అతను ఆ మాటలు రెండోసారి చదువుకున్నాడు. నిజమే, ఒక్క చప్పుడు కూడా లేదు. "పెట్టుకున్నానమ్మా" అని కొట్టి పంపాడు. పంపాక ఇయర్‌ఫోన్స్ డబ్బాలో సర్ది, కిటికీ మూసి, టాబ్లెట్ సౌండు మొత్తం పెంచి, పాత చెంచా పట్టీ ఒక్కటే పెట్టుకున్నాడు. ఆయాసం వచ్చింది, పాట వచ్చింది, పాట అయిపోయింది.

"నాన్నా, మళ్లీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోలేదు కదూ?"

"పెట్టుకోలేదమ్మా" అన్నాడు అతను ఖాళీ గదిలో, పైకే.