నత్తలకు కట్టిన పరదా

ఎంత ఎండకు నత్త గుడ్లు పెట్టడం మానేస్తుందో ఇప్పుడు మా తండాలో ముసలవ్వలు కూడా చెబుతారు. అంతా సంజీవ సారు పుణ్యం. ఆయన పరిశోధన కోసం హనుమకొండ నుంచి కారులో వచ్చి, మా చెరువుకట్ట మీద తొట్లు పెట్టించి, ఎండాకాలమంతా ఆ నత్తల కాపురం చూశాడు. ఇంటర్ చదివానని కావలి పని నాకిచ్చాడు.

ఆ నత్తలు మన నత్తలు కావు. దంతాలపల్లిలో ఎవరో అద్దాల తొట్టిలో సోకుకు పెంచుకుని, విసుగొచ్చి కాలువలో పారబోశారట. వాళ్ల సోకు తగలెయ్య, అవి మా చెరువుకెక్కి వరినారు మొదలంటా కొరికేశాయి. తూటికాడల మీద గులాబీ రంగు గుడ్లు గుత్తులుగా పెట్టేవి. వేడికి వాటి సంతానం ఎంత తగ్గుతుందో తేలితే, వాటిని ఎప్పుడు ఏరి చంపాలో తెలుస్తుందని సారు అన్నాడు. మంచి పనే, కాదనను. సగం తొట్లు ఎండలో, సగం పచ్చ పరదా నీడలో. రోజూ నీళ్ల వేడి చూసి, గుడ్లు పగిలి పిల్లలయ్యాయో లేదో సారుకు ఫోన్లో చెప్పడం నా పని.

కట్ట కింద, ఎండిన చెరువులో మా తండావాళ్లు ఉపాధి పనికి పూడిక తీస్తున్నారు. మా మరిది బలరాం, అతని పెళ్లాం రాజీ కూడా అక్కడే. రాజీకి ఐదో నెల. అంతకుముందు రెండు కడుపులు పోయాయి. మా అత్త కౌసల్యది మామూలు నోరు కాదు. ఈసారి కూడా నిలవకపోతే కొడుక్కు మరో పెళ్లి చేస్తానని తండా అంతా వినేలా చెప్పింది. ఇంత తెలిసీ రాజీ పనికెందుకు వెళ్లిందంటారా? మా దగ్గర అది జతపని. ఒకరు తవ్వితే ఒకరు తట్ట మోయాలి, గుంత కొలిచి కూలి వేస్తారు. రాజీ ఇంట్లో కూర్చుంటే బలరామూ కూర్చోవాల్సిందే. అందుకని నాలుగు తట్టలు మోసి, కూలీల కోసం కట్టిన పరదా కింద కాసేపు నడుం వాల్చి, మళ్లీ లేచేది. ఆ నీడ ఉందనే నేనూ పోనిచ్చాను.

ఒక సాయంత్రం గాలిదుమారం లేచి తొట్ల మీది పరదాను పీలికలు చేసింది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి, ఉపాధి పనులు చూసే తిరుపతి కూలీల పరదా విప్పుకొచ్చి తొట్లకు కడుతున్నాడు.

"ఏంది తిరుపతన్నా గిది? మరి మనుషులకు?"

"రెండు దినాలే ఉమా. పెద్ద సార్లు తొట్లు చూడనీకి వస్తున్నరట. మనుషులకు కాళ్లున్నయి, చెట్టు కిందికి పోతరు. నత్తలు యాడికి పోతయి?"

"చెరువుల చెట్టు యాడున్నదన్నా? నీ నెత్తి మీద మొలిచిందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. వేసిన ముడి విప్పేశాను. అప్పుడే సారు కారు దిగాడు. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేనూ నాలుగు తిట్టేదాన్ని. "నీడ తొట్లు ఒక్కపూట ఎండలో పడితే ఇన్నాళ్ల కష్టం మట్టిలో కలుస్తుంది తల్లీ" అని బతిమాలాడు. తిరుపతి మళ్లీ ముడి వేశాడు. కింది నుంచి రాజీ కేకేసింది: "పోనీ తియ్యి అక్కా, రెండు దినాలే గదా!"

మిట్టమధ్యాహ్నం తట్ట ఎత్తబోయి రాజీ కూలబడింది. నేను కట్ట దిగి ఉరికేసరికి చీర నెత్తురుతో తడిసిపోయింది. ఆటోలో మానుకోట దవాఖానకు తీసుకుపోయాం. బిడ్డ దక్కలేదు. "ఇంత ఎండల కడుపుతోని ఉన్నదాన్ని పనికెట్ల తోలినవయ్యా?" అని డాక్టరమ్మ అరిచింది.

మర్నాడు పెద్ద సార్లు వచ్చారు. తొట్లు చూపించాలంటే నేనుండాలని తిరుపతి ఫోన్ మీద ఫోన్ చేస్తే వెళ్లాను. నీడ తొట్లలో గుడ్లు పగిలి ఆవగింజలంత పిల్లలు పాకుతున్నాయి. ఎండ తొట్లలో పెట్టిన కాసిని గుడ్లూ మాడి పొట్టయ్యాయి. "వేడి మితిమీరితే ఏ జీవి అయినా ముందు తన ప్రాణం కాపాడుకుంటుంది, సంతానం నిలవదు" అని సారు చెబుతుంటే అందరూ తలలూపారు, ఫోటోలు దిగారు. ఆ తొట్లు ఎత్తి వాళ్ల నెత్తిన బోర్లించాలనిపించింది.

కొన్నాళ్లకు సారు పండ్ల సంచితో మా ఇంటికొచ్చాడు. మా అత్త వాకిట్లో బియ్యం చెరుగుతూ అందుకుంది: "కడుపు నిలవనిదాన్ని తెచ్చుకున్నం సారూ. ఎండల అందరు పని చెయ్యలేదా? దీనికే అయ్యిందా? మావోనికి ఇంకో పిల్లను చూసొచ్చిన."

గోడకానుకుని కూర్చున్న రాజీ మెల్లగా అడిగింది. "సారూ, ఎండ తొట్ల నత్తలకు పిల్లలు కాలేదు గదా. వాటిల ఏమన్న తప్పున్నదా?"

"వాటి తప్పేముందమ్మా? అంతా ఎండ వల్లే."

"గా మాటే మా అత్తకు జర చెప్పుండ్రి సారూ. నేను చెప్తే ఇంటలేదు. మీరు చెప్తే ఇంటది."

మా అత్త చేట ఆపింది. బలరాం తలెత్తాడు. సారు వాళ్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు, సంచి గడప పక్కన పెట్టాడు.

"మనుషుల మీద మేం పరిశోధన చెయ్యలేదమ్మా" అన్నాడు.

మా అత్త మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.