దుర్గాంబ గారి పక్క కుర్చీ

ఢిల్లీ ద్వారకలోని ఆ హౌసింగ్ సొసైటీలో ఎవరినడిగినా ఒకటే చెబుతారు. దుర్గాంబ గారి గొంతు 2008 చలికాలం రాకముందే ఆగిపోయిందని, అందుకే ఆ డిసెంబరు తీర్మానానికి అడ్డు చెప్పేవాళ్లు లేకపోయారని. వినడానికి సబబుగానే ఉంటుంది. చనిపోయిన మనిషి మూడేళ్లపాటు ప్రతి సమావేశానికీ హాజరై అభ్యంతరం చెప్పడమే ఎక్కువ, అలసిపోయి వెళ్లిపోతే ఎవరు తప్పుపడతారు? అయితే ఇంతమంది ఒకే మాట మీద నిలబడ్డారంటే ఆ మాట నిజమైనా అయి ఉండాలి, అందరికీ అక్కరకొచ్చేదైనా అయి ఉండాలి. ఇది రెండో రకమని తెలిసిన మనిషి ఆ సొసైటీలో ఒక్కరే. ఆయన పద్మనాభం గారు.

ఆడిటు శాఖలో పనిచేసి రిటైరైన పద్మనాభం గారి రోజు పాల బూత్ దగ్గర మొదలయ్యేది. పాకెట్లు ఇంట్లో ఇచ్చి, పేపరు చంకలో పెట్టుకుని, సొసైటీ పార్కులో ఎండ పడే బెంచీ చూసుకుని కూర్చునేవారు. పక్కవాళ్లకు ముఖ్యమైన వార్తలు పైకి చదివి వినిపించి, ప్రతిదానికీ చరిత్రలోంచి ఒక పూర్వోదాహరణ జోడించేవారు. వాటిలో ఆయనకు అత్యంత ప్రియమైనది రౌలట్ చట్టం. "1919లో తెల్లవాడు కూడా కౌన్సిల్లో చర్చకు పెట్టాడండీ. మనవాళ్లంతా కాదన్నారు. ఓడిపోయారు, అది వేరే సంగతి. కాదన్నట్టు మాత్రం రికార్డులో ఉంది" అనేవారు. పాలు విరిగినా ఈయనకు రౌలట్టే గుర్తొస్తాడని భార్య హైమవతి గారు వంటింట్లోంచి విసురు విసిరేవారు.

దుర్గాంబ గారు ముప్పై ఏళ్లు పార్లమెంటులో సభ్యుల మాటలను సంక్షిప్తలిపిలో దింపిన ఉద్యోగిని. థైరాయిడ్ ఆపరేషన్ తరవాత ఆమె గొంతు పక్కవాళ్లకు తప్ప వినబడేది కాదు. ఇంగ్లీషు, హిందీ ఎంత బాగా వచ్చినా, సొసైటీ సమావేశాల్లో అభ్యంతరం మాత్రం తెలుగులోనే చెప్పేవారు. అది ఆమె పట్టుదల. పక్క కుర్చీలో కూర్చునే పద్మనాభం గారు దాన్ని హిందీలో అందరికీ అందించేవారు. ఏ తీర్మానమైనా 'అవును', 'కాదు' అనే గొంతులను బట్టి నెగ్గించడం అక్కడి ఆనవాయితీ. అయితే ఒక్క 'కాదు' వినబడినా తీర్మానం మొత్తం చదివి వినిపించాలి, చేతులు ఎత్తించి లెక్కపెట్టాలి. ఈ నియమం పెట్టించింది దుర్గాంబ గారే. "గొంతుతో అవునన్నవాడు చెయ్యెత్తమనేసరికి ఆలోచనలో పడతాడు. ముప్పై ఏళ్లు కళ్లారా చూశానండీ" అనేవారు.

2005 వానాకాలంలో ఆమె పోయారు. ఆ తరవాత జరిగిన మొదటి సమావేశంలో, లిఫ్టు కాంట్రాక్టు సంగతి వచ్చినప్పుడు, ఖాళీ కుర్చీలోంచి ఎప్పటిలాగే మెల్లగా, "కాదు" అని వినబడింది. పద్మనాభం గారు అలవాటుగా, "మేడమ్ 'నహీఁ' కహ్ రహీ హైఁ" అన్నారు. అప్పటి అధ్యక్షుడు తలూపి కాంట్రాక్టు చదవడం మొదలుపెట్టాడు. అప్పటినుంచీ వాచ్‌మన్ ఆ కుర్చీని మిగతా వాటికన్నా ముందు తుడిచి వేసేవాడు.

నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు అందరికీ బాగానే ఒదిగింది. ఎవరితోనూ మొహమాటం చెడకుండా అభ్యంతరం నమోదయ్యేది. 'దుర్గాంబ గారున్నారుగా' అని బతికున్నవాళ్లు నోరు విప్పడం క్రమంగా మానేశారు. ఆ భారం మోసినందుకు పద్మనాభం గారికి దక్కింది ఒక బిరుదు. కొత్త అధ్యక్షుడు చిట్టిబాబు ఆయన్ని 'మైకు' అనేవాడు. గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరైన చిట్టిబాబుది రాజమండ్రి. మాట తియ్యన, పని చురుకు. "మైకు గారొచ్చారా? అయితే మొదలెడదాం" అనేవాడు. అందరూ నవ్వేవారు, పద్మనాభం గారూ నవ్వేవారు. ఇంటికెళ్లాక మాత్రం ఆ నవ్వు ఆయన్ని గుచ్చేది. ఇన్ని పుస్తకాలు చదివిన మనిషి చివరికి ఒక చనిపోయినావిడకు మైకయ్యాడు.

2008 డిసెంబరు 21, ఆదివారం. ముంబయి దాడులు జరిగి నెల తిరగలేదు. పార్కులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, వేరుశెనక్కాయలు, నువ్వులూ బెల్లం కలిపిన గజక్, ఫ్లాస్కులో టీ సిద్ధం చేశారు. పొగమంచు విడలేదు. చిట్టిబాబు ఒకే ఒక తీర్మానం తెచ్చాడు. భద్రత నిమిత్తం కమిటీ ఏ చర్య తీసుకున్నా సర్వసభ్య సమావేశం ముందు పెట్టనక్కరలేదు. అంతే. ఏ చర్య, ఎవరి మీద, ఎన్నాళ్లు అన్నది అందులో లేదు.

"మొన్న పార్లమెంటులో ఉగ్రవాద నిరోధక చట్టాలే రెండు రోజుల్లో అయిపోయాయి. మనకి రెండు నిమిషాలు చాలవా?" అన్నాడు చిట్టిబాబు. అక్కడితో ఆగలేదు. మన పద్మనాభం గారంతటి చరిత్రకారుడు ఉన్న సొసైటీ ఢిల్లీలో ఇంకోటి లేదని, దేశానికి ఆపద వచ్చినప్పుడు త్వరగా నిర్ణయాలు తీసుకోవాలని ఆయనకు మనం చెప్పాలా అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు పద్మనాభం గారికి చలిలో శాలువా కప్పినట్టు హాయిగా తగిలింది.

అవునన్నవాళ్ల గొంతులు ఒక్కసారిగా లేచాయి. కొందరు అప్పటికే టీ వైపు నడుస్తున్నారు. ఆ సందడి అడుగున, ఎడమ పక్క కుర్చీలోంచి, ఆయన చెవికి మాత్రమే అందేంత దగ్గరగా, "కాదు. ముందు చదవమనండి" అని వినబడింది.

చిట్టిబాబు ఆయన వైపు తిరిగాడు. "మైకు గారూ, ఏమన్నా వినబడిందా?"

అందరూ నవ్వారు. పద్మనాభం గారు ఆ నవ్వులో కలిసి, "లేదండీ" అన్నారు.

ఎవరో అయ్యో అన్నారు. పాపం, ఆవిడ కూడా వెళ్లిపోయినట్టున్నారని ఇంకెవరో అన్నారు. దసరా నాటి సమావేశంలోనే గొంతు బాగా సన్నగిల్లిందని, రోజూ బెంచీ దగ్గర వార్తలు వినే తాయారమ్మ గారు గుర్తుచేసుకున్నారు. అందరూ చెప్పుకునే కథ అలా, టీ చల్లారేలోపు తయారైంది. పద్మనాభం గారు పక్క కుర్చీ వైపు చూశారు. ఆ తరవాత అందులోంచి ఏ మాటా రాలేదు.

బుధవారం పేపర్లో ఒక వార్త వచ్చింది. సమాచార సాంకేతిక చట్టానికి సవరణలను సోమవారం లోక్‌సభ, మంగళవారం రాజ్యసభ ఆమోదించాయి. కంప్యూటర్లలోని సమాచారాన్ని తెరిచి చూడడానికి, వెబ్‌సైట్లను మూయించడానికి ప్రభుత్వానికి కొత్త అధికారాలు వచ్చాయి. లోక్‌సభలో చర్చే జరగలేదు. బెంచీ మీదివాళ్లకు గాభరా పుట్టింది. తాము పిల్లలకు పంపే ఈమెయిళ్లు కూడా ఎవరో చదువుతారా అని తాయారమ్మ గారు అడిగారు. అన్ని వందలమంది ఉండి ఒక్కరైనా చదవమని అడగలేదా అని ఇంకొకాయన విసుక్కున్నాడు. ఆపైన అందరూ పద్మనాభం గారి వైపు చూశారు. రౌలట్ కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన పేపరు మడిచి, పాలు పొయ్యి మీద ఉన్నాయని చెప్పి లేచిపోయారు. పొయ్యి మీద ఏమీ లేదు.

జనవరి మొదటి వారంలో కమిటీ తన అధికారాన్ని మొదటిసారి వాడింది. వేళకాని వేళల్లో గేటు దాటే అద్దెదారులు భద్రతకు ఇబ్బంది కాబట్టి, వారంలో ఖాళీ చేయాలని ఆదేశించింది. అలాంటివాళ్లు సొసైటీ మొత్తంలో ఒక్కరే. దుర్గాంబ గారి ఫ్లాటులో అద్దెకుంటున్న అనుగ్రహ. బాపట్ల అమ్మాయి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు. తల్లి సరళకుమారికి రొమ్ము కేన్సరు. ఢిల్లీలోనే కీమో అయి, ఇప్పుడు రేడియేషన్ కరెంటు పెట్టిస్తున్నారు. సగం అయింది, సగం మిగిలింది. ఉన్నపళంగా చవకలో ఇల్లు దొరక్కపోతే తల్లిని మధ్యలోనే బాపట్ల తీసుకుపోవాలి. పుణెలో ఉన్న దుర్గాంబ గారి కొడుకు, కమిటీ మాటే తన మాటని ఫోన్లో చెప్పేశాడు.

అనుగ్రహ డ్యూటీ దిగి, తెల్ల చెప్పులతోనే పద్మనాభం గారి గుమ్మంలోకి వచ్చింది.

"అంకుల్, మేము మీటింగుకి రాకూడదు కదా, అందుకని మిమ్మల్ని అడుగుతున్నా. ఆ రోజు ఆంటీ ఒక్కసారన్నా కాదన్నారా? ఒక్క కాదు ఉన్నా మళ్లీ చేతులు లెక్కపెట్టాలంట. మమ్మీ మొహం తెలిసినోళ్లు చేతులెత్తరు అంకుల్."

ఇప్పుడు అవునంటే, ఆ రోజు అబద్ధం చెప్పానని పదిమందిలో ఒప్పుకోవాలి. పద్మనాభం గారు ఆ పిల్ల కళ్లలోకి చూడలేక చెప్పుల వైపు చూశారు.

"వినబడలేదమ్మా."

"అచ్ఛా" అంది అనుగ్రహ. ఇంకేమీ అడగలేదు. ఆ అడగకపోవడాన్ని హైమవతి గారు వంటింటి గుమ్మంలోంచి చూశారు. భర్తకు కాఫీ ఇచ్చి, "ఆ రోజు మీరు మీటింగు నుంచి వచ్చినప్పట్నుంచీ చూస్తున్నానండీ. చరిత్ర చెప్పడం మానేశారు" అని మాత్రం అన్నారు.

దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో ఒక గది ఉందని తెలిస్తే, సామాను చేరవేయడానికి పద్మనాభం గారే వ్యాను మాట్లాడారు. తానూ ఎక్కారు. పుణ్యానికి అనుకున్నవాళ్లు అనుకున్నారు. వ్యానులో సరళకుమారి తలకు ఉన్ని స్కార్ఫు చుట్టుకుని, ఒళ్లో బైబిలు సంచీ పెట్టుకుని ఆయన పక్కన కూర్చుంది. దారి పొడుగునా ఆయనకు కృతజ్ఞతలు చెప్పింది. పరాయి ఊళ్లో సొంత అన్నలా నిలబడ్డారంది.

"ఆ పెద్దావిడ గురించి మా అనుగ్రహ బాధపడతా ఉంది. నేనే చెప్పాను, ఆమెనేం అనబాకే అని. సచ్చిపోయినావిడ మాత్రం ఎన్నాళ్లని మనకోసం మాట్టాడుద్ది అన్నయ్యగారూ? బతికున్నోళ్లు ఇంతమంది ఉండి."

పద్మనాభం గారు కిటికీ వైపు తిరిగారు. అవుటర్ రింగ్ రోడ్డు మీద పొగమంచు తప్ప చూడడానికేమీ లేదు. అయినా ఆ ప్రయాణమంతా అటే చూశారు.

కటవారియా సరాయ్ ఇంటి యజమాని ఒక జాట్ చౌదరి. పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లకు గదులిస్తాడు. వీధిలో ఎండకు మంచం వేసుకుని, వచ్చినవాళ్ల కోసం రెండు కుర్చీలు పెట్టుకుని నడుం వాల్చి ఉన్నాడు. ఒకదానిలో పద్మనాభం గారు కూర్చున్నారు. ఇంకొకటి సరళకుమారికి ఇవ్వబోతే, ఆమె అరుగే నయమని గోడకు ఆనుకుని కూలబడింది. స్కార్ఫు జారింది. జుట్టు లేని ఆ తల చూసి చౌదరి మొహం మారింది. జబ్బు మనిషని ముందే ఎందుకు చెప్పలేదన్నాడు. పిల్లలు భయపడి గదులు ఖాళీ చేస్తారన్నాడు. గది లేదు, సామాను దింపొద్దన్నాడు. అనుగ్రహ హిందీలో బతిమాలింది. అది అంటుకునే జబ్బు కాదని, తాను నర్సునని చెప్పింది. చౌదరి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. వ్యాను డ్రైవరు తాళ్లు విప్పడం ఆపాడు.

అప్పుడు పద్మనాభం గారి ఎడమ పక్క ఖాళీ కుర్చీలోంచి, మెల్లగా, పార్లమెంటు కారిడార్లలో ముప్పై ఏళ్లు నడిచిన మనిషి నిదానంతో, "కాదు. ఏ కారణం చేతనో ముందు చెప్పమనండి" అని వినబడింది.

వ్యాను డ్రైవరు తల తిప్పాడు. చౌదరి ఆ కుర్చీ వైపు చూశాడు. అంత పెద్దావిడ మాట్లాడుతుంటే మంచం మీద పడుకుని వినడం మర్యాద కాదన్నట్టు లేచి కూర్చున్నాడు. భాష తెలియలేదు. "క్యా కహ్ రహీ హైఁ అమ్మాజీ?" అని పద్మనాభం గారిని అడిగాడు.

అరుగు మీంచి సరళకుమారి కూడా అడిగింది. "ఎవరన్నయ్యగారూ ఆవిడ?"

అనుగ్రహ అడగలేదు. ఆయన వైపే చూస్తోంది.

చెప్పకపోతే వ్యాను వెనక్కి తిరుగుతుంది, అట్నుంచి రైలు స్టేషనుకే. చెబితే ఈ ఇద్దరి ముందూ తానేమిటో తేలిపోతుంది. పద్మనాభం గారు ముందు హిందీలో చౌదరికి చెప్పారు. మేడమ్ వద్దంటున్నారు, గది ఇవ్వకపోవడానికి కారణం చెప్పమంటున్నారు, అని. ఆ తరవాత తెలుగులో, తల ఎత్తకుండా, "దుర్గాంబ గారమ్మా" అన్నారు.

చౌదరి కాసేపు కారణం కోసం వెతుక్కున్నాడు. భయం తప్ప అతని దగ్గర వేరే కారణం లేదు. అంత పెద్దావిడకు అది చెప్పుకోవడానికి సిగ్గేసిందేమో, "ఠీక్ హై. కింది గది ఇస్తాను. మెట్లెక్కలేదు కదా" అని డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

సామాను దిగుతుండగా అనుగ్రహ దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. రోగి నాడి చూసేటప్పుడు ఉండే మొహం.

"ఆ రోజు కూడా అన్నారా అంకుల్?"

"అన్నారమ్మా."

"మీకు వినబడిందా?"

"వినబడింది."

ఆమె తలూపి, తల్లి పరుపు మోయడానికి వెళ్లిపోయింది. సరళకుమారి అదంతా వింది. ఈసారి 'అన్నయ్యగారూ' అనలేదు. స్కార్ఫు సరిచేసుకుని, గోడ పట్టుకుని, తనంతట తాను లేచింది. పద్మనాభం గారు చెయ్యి అందించబోయి, మధ్యలోనే వెనక్కి తీసుకున్నారు.

కరెంటు పూర్తయి తల్లీకూతుళ్లు ఊపిరి పీల్చుకున్నది ఫిబ్రవరిలో. ఆ సవరణ బిల్లు మీద రాష్ట్రపతి సంతకం పడిందీ ఆ నెలలోనే, అయిదో తేదీన. ద్వారక సొసైటీలో అధికారాల తీర్మానం అలాగే ఉంది. తరవాతి సమావేశంలో పద్మనాభం గారు లేచి, ఆ రోజు తాను విన్నది చెప్పారు. చిట్టిబాబు మర్యాదగా విన్నాడు. వయసు మీద పడ్డాక జ్ఞాపకాలు ముందువెనకలు అవుతాయని ఎవరో సర్దిచెప్పారు. దుర్గాంబ గారు అప్పటికే మౌనం పట్టారు, మనందరికీ తెలుసు కదా అన్నారు. అందరూ అవునన్నారు. ఆ తరవాత ఎడమ పక్క కుర్చీ వేయడం మానేశారు.

ఆ మౌనం ఎప్పుడు మొదలైందో సొసైటీలో ఒక్కొక్కరు ఒక్కొక్క నెల చెబుతారు. కటవారియా సరాయ్‌లో ఒక చౌదరి, ఒక నర్సు, ఆమె తల్లి, ఒక వ్యాను డ్రైవరు ఆ గొంతు విన్నది 2009 జనవరి 11, ఆదివారం.