తోడినా తరగని నీళ్లు

పునాది గోతి అంచున గొంతుక్కూర్చుని పంపుల మేస్త్రి దోసిట్లోకి నీళ్లు తీసుకున్నాడు. అరచేతిలో బొటనవేలితో రుద్ది చూశాడు. ఇసుక గరగరలాడింది. తేటనీళ్ల పంపు దించితే పూట తిరక్కముందే దాని రెక్కలు అరిగిపోతాయి. బురదనీళ్ల పంపే కావాలి, అదీ మూడంగుళాలది. ఇంజనీరు కాగితం మీద ఏం రాశాడో ఆయన చూడలేదు. కాగితాల మీద ఆయనకు నమ్మకం లేదు.

ఆ మాటకొస్తే దేనిమీదా లేదు. ముప్పై ఏళ్లుగా ఎవరెవరో తవ్విన గోతుల్లో నీళ్లు తోడుతున్నాడు. కొత్త గొట్టం వస్తే మూరలు వేసి కొలుస్తాడు. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాడు. "పెళ్లిచూపుల్లో నా మొహం కూడా కడిగించి చూద్దామనుకుని ఉంటావు" అని ఒకసారి భార్య ఎద్దేవా చేస్తే, "నీకెవరు చెప్పారు?" అని అడిగాడు.

ఇవాళ అనుమానం ముసలి కాపలావాడి మీదికి మళ్లింది. రాత్రంతా పంపు ఆడితే గోతి ఎండిపోవాలి. వరుసగా మూడో రోజు కూడా మోకాలి లోతు నీళ్లు మిగిలాయి. సాయంత్రం నాలుగింటికి కాంక్రీటు లారీలు వస్తాయి.

"ఎన్నింటికి ఆపావు?"

"ఆపలేదు మేస్త్రి గారూ. తెల్లార్లూ దాని పక్కనే ఉన్నా."

"మరి నీళ్లేమన్నా ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? చప్పుడుకి నిద్ర పట్టక కట్టేసి ఉంటావు."

"నా కూతురి మీద ఒట్టు..."

"ఒట్లు నా దగ్గర చెల్లవు."

ఇంజనీరు రాగానే, "పంపు మంచిదే సార్, మనిషే సరైనవాడు కాదు" అన్నాడు. ముసలివాడి కొలువు ఊడటానికి ఆ ఒక్కమాట చాలింది.

తొందరగా తోడాలని పాత గొట్టానికే ఆ మూడంగుళాల కొత్త పంపు తగిలించి దించి, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అన్నం కూడా స్విచ్చి పక్కనే కూర్చుని తిన్నాడు. నీళ్లు పిక్కల దాకా దిగి, అక్కడ ఆగిపోయాయి. గంట గడిచినా అంగుళం తరగలేదు. పంపు మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

మేస్త్రి లేచి గొట్టం వెంట నడిచాడు. మూడు రోజుల క్రితం దాని కొసను ప్రహరీగోడ అవతలి కాలువలో తనే పడేశాడు. కాలువ నిండుగా ఉంది కానీ ముందుకు పారడం లేదు. గుప్పెడు రంపపుపొట్టు చల్లాడు. అది సుళ్లు తిరిగి గోడ కిందికి జారిపోయింది. పరుగున వచ్చి చూస్తే, గోతి పక్కకు ఆనించిన చెక్కపలకల వెనక పాత తూము పగులులోంచి ఆ పొట్టే తేలుతూ వస్తోంది. తోడిన నీళ్లనే మూడు రోజులుగా మళ్లీ తోడుతున్నాడు.

సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. గొట్టాన్ని రోడ్డు కాలువలోకి లాగి పడేశాడు. గంటన్నరలో గోతి అడుగు బయటపడింది.

"తప్పు నాది సార్. అతన్ని పిలిపించండి."

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. "నీళ్లు పోయాయిగా, ఇంక వదిలెయ్."

మేస్త్రి వదల్లేక కాపలావాడి రేకుల గదికి వెళ్లాడు. కాపలావాడు ఎప్పుడో వెళ్లిపోయాడు. అతని ఇల్లెక్కడో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. దుప్పటి లేదు, చెంబు లేదు. మూలన బారెడు కర్ర ఒక్కటి మిగిలింది. రాత్రి గంటగంటకీ దాన్ని గోతిలో దించి, తడి ఎక్కడిదాకా వస్తే అక్కడ కత్తితో గాటు పెట్టినట్టున్నాడు. మొదటి నాలుగు గాట్లు ఒకదాని కింద ఒకటి దిగాయి. మిగతా ఆరూ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి పడి, కర్రను సగం దాకా కోసేశాయి.