ఫోటోకు అందని చీర

పటకారుతో నిప్పులు ఏరి ఇస్త్రీ పెట్టెలో వేసి, మూత బిగించి, తడివేలు అడుగున తాకించి చూశాడు లస్మయ్య. సుయ్యిమంది. పట్టుకు అంత వేడి పనికిరాదు. తడిగుడ్డ మీద రెండుసార్లు రుద్ది, చల్లార్చి, దొరబిడ్డ పావడా అంచు మీద మెల్లగా నడిపించాడు. పక్కనే కొయ్యకు వేలాడుతున్న దొర తెల్ల షేర్వాణీ, లోపల మనిషి లేకపోయినా ఛాతీ విరుచుకునే ఉంది.

లస్మయ్యకు ఎడమ చెవి వినబడదు. ఒకప్పుడు ఇదే వసారాలో, ఇలాంటి షేర్వాణీకే ఒక గుండీ ఊడిందని దొర కొట్టిన చెంపదెబ్బకు పోయింది. ఎవరైనా అయ్యో అంటే, తిట్లు వినడానికి ఒక చెవి చాలులే అని నవ్వేవాడు. మనిషంటే అంతే. బక్కపలచని ఒళ్లు, చౌటినీళ్లకు చిట్లిన వేళ్లు, ఏళ్ల తరబడి నీళ్లలో నాని తెల్లబారిన పాదాలు. ఊరందరి మురికీ ఎరిగినవాడు, ఒకరి మురికి ఇంకొకరికి చెప్పనివాడు. అంతకుమించి ఆయన గురించి ఊరు చెప్పుకున్న మాట లేదు.

జర్మనీ లడాయి మొదలైన ఏడాది అది. ఎల్లారెడ్డి దాపున ఉన్న ఆ గడిలో ఆ రోజు ఇంటిల్లిపాదీ ఫోటో దిగుతున్నారు. ఫోటోలు తీసే ఆయన పట్నం నుంచి రైల్లో వచ్చి కామారెడ్డిలో దిగితే, దొర ఎద్దుల కచ్చడం బండి పంపించి తెప్పించాడు. పేరుకు సంబరమే గానీ, పొద్దున్నుంచీ లోపల ఏడుపులే. రవికె కనబడలేదని ప్రమీలమ్మ దొరసాని విసిరిన దువ్వెనకు ఒక దాసి నుదురు పగిలింది. తలపాగా సరిగా చుట్టలేదని దొర తన జవాను లింబాద్రిని కాలితో తన్నాడు. తన్నులు తిన్న లింబాద్రి బయటికొచ్చి బండివాణ్ణి తన్నాడు. గడిలో దెబ్బ ఎప్పుడూ పైనుంచి కిందికే పారుతుంది.

ఏ చీర కట్టుకోవాలో తేల్చుకోలేక, దొరసాని మొన్ననే ఐదు పట్టుచీరలు ఇస్త్రీకి లస్మయ్య ఇంటికి పంపింది. ఈ పొద్దు వాటిలో నాలుగే గడికి వచ్చాయి. ఇంకా ఎవరూ చూసుకోలేదు. పండగైనా పబ్బమైనా దొరసాని ఎరుపు తప్ప కట్టదని లస్మయ్య ధీమా.

ఆ ధీమా మీద ఫోటోలాయన నీళ్లు పోశాడు.

ఎరుపు వద్దన్నాడాయన. తన ఫోటో గాజు పలకల మీద ఎరుపు నల్లగా పడుతుందట. కుంకుమ రంగూ అంతే. పసుపు మబ్బుపట్టినట్టు వస్తుందట. పోనీ నీలమంటే, అది తెల్లగా పడుతుందన్నాడు. ముత్తైదువ తెల్లచీరతో గోడకెక్కుతుందా? దొరసాని ముఖం మాడిపోయింది.

"ఆకుపచ్చయితే మంచిగ వస్తదమ్మా" అన్నాడు ఫోటోలాయన.

లస్మయ్య చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. గడికి రాని ఐదో చీర, ఆకుపచ్చ పైఠాణీ పట్టుచీర, ఆ సమయానికి గడి జీతగాడు హనుమాండ్లు కూతురు గంగామణి ఒంటి మీద ఉంది. పందిట్లో, పెండ్లిపీట మీద.

ఊళ్లో ఏ పేదింటి పిల్ల పెండ్లయినా చీర లస్మయ్య మూటలోంచే పోవాలి. వాళ్ల తాతల నాటి రివాజు అది. కరణం ఇంటి చీర కమ్మరి పిల్ల కట్టుకునేది, షావుకారు ధోవతిలో కుమ్మరి పెండ్లికొడుకు పల్లకీ ఎక్కేవాడు. మర్నాటికి ఉతికిన బట్ట ఎవరింటికి వాళ్లింటికి చేరేది. అందరికీ తెలుసు, అందరూ తెలియనట్టే ఉండేవాళ్లు. గడి పట్టును మాత్రం లస్మయ్య ఎన్నడూ బయట పెట్టలేదు. ఎరువు సొమ్ము బరువు చేటని తెలియనివాడు కాడు. కానీ గంగామణి తల్లిలేని పిల్ల. చిన్నప్పుడు ఆయన బట్టల మూటల మీదే పడి నిద్రపోయేది. రాత్రి ముతకచీర కోసం వచ్చి, ఆ పైఠాణీ మీద చెయ్యి వేసి, కాలినట్టు వెనక్కి తీసుకుంది. ఆయనకు మనసాగలేదు. ఒక్క పూటే కదా, కట్టుకో బిడ్డా అన్నాడు.

ఇంటి దగ్గరుంది, చిటికెలో తెస్తానని దొరకు చెప్పి లస్మయ్య పరుగెత్తాడు.

పందిట్లో డప్పులు మోగుతున్నాయి. తలంబ్రాల బియ్యం నెత్తిన పోసుకుని, పసుపు ముఖంతో గంగామణి తల వంచుకుని కూర్చుంది. లస్మయ్యను చూడగానే హనుమాండ్లుకు సంగతి అర్థమైంది. ముఖంలో నెత్తురు లేకుండా వచ్చి, పిల్ల ఒంటి మీంచి ఇప్పించమంటవా మామా అని అడిగాడు. పక్కనే మాచారెడ్డి నుంచి వచ్చిన మగపెండ్లివాళ్లు కూర్చున్నారు. లస్మయ్య వాళ్లను చూశాడు, పిల్లను చూశాడు. ఏమీ లేదురా, అక్షింతలు వేద్దామని వచ్చిన అన్నాడు. వేశాడు కూడా.

గడికి పోయే దారిలో ఇంట్లోకి తొంగి చూసి, చీర ఇస్త్రీలో కాలిందని చెప్పబోతున్నానని భార్య సాలవ్వతో అన్నాడు. ఆమె రెండు చేతులతో ఆయన జబ్బ పట్టుకుంది.

"సంపుతడు నిన్ను."

"నన్నయితే కొడ్తడు. నిజం చెప్తె, ఆ పిల్లను నలుగురి ముంగట నిలవెట్టి చీర ఇప్పిస్తడు. నువ్వు గూడ కాలిందనే చెప్పు."

ఆమె చేతులు విడిపించుకోవడానికి ఆయనకు కొంత బలం కావలసి వచ్చింది.

షేర్వాణీ తొడుక్కుని, అత్తరు పూసుకుని, దొర వాకిట్లో నిలబడి ఉన్నాడు. పెట్టె ఎక్కువ కాగింది, చీర కాలింది బాంచెను అన్నాడు లస్మయ్య. కాలిన గుడ్డ ఏదని దొర అడిగాడు. భయపడి పొయ్యిలో వేశానన్నాడు.

మొదట కొరడా. అది చుట్టుకుపోతుంటే తిప్పి పట్టుకుని కర్రతో. లస్మయ్య ముడుచుకుని పడిపోయాక బూటుతో. పక్కటెముకలు విరిగిన చప్పుడు ఆయన కుడిచెవికి బాగానే వినబడింది. నోట్లోంచి నెత్తురు ఎగిరి దొర షేర్వాణీ చేతి మీద పడింది. దొరసాని గడప దగ్గర నిలబడి, ఎండ ముదురుతోందని మాత్రం అంది. పిల్లలు జరీ టోపీలు పెట్టుకుని వరుసగా కుర్చీల్లో కూర్చుని చూస్తున్నారు. కదలొద్దని వాళ్లకు ముందే చెప్పి ఉంచారు. ఫోటోలాయన తన నల్లగుడ్డ కింద తల దూర్చి చాలాసేపు బయటికి రాలేదు. ఆ మనిషి పిరికివాడు, కానీ ఆ వాకిట్లో ధైర్యవంతుడు మాత్రం ఎవడున్నాడు?

చివరికి తల బయటపెట్టి, దొరగారి చేతి మీది మరక ఫోటోలో నల్లగా పడుతుందని సణిగాడు.

దొర షేర్వాణీ విప్పి లస్మయ్య మీద పడేశాడు.

"సాపు చేసి తేరా. జల్ది."

లస్మయ్య లేచాడు. ఎలా లేచాడో చూసినవాళ్లకు తెలియదు, ఆయనకూ తెలియదు. వసారాలో కూర్చుని, మరకను చన్నీళ్లలో నానబెట్టి వేళ్లతో మెత్తగా నలిపాడు. వేణ్ణీళ్లు పోస్తే నెత్తురు గుడ్డను వదలదు. తన నెత్తురే అయినా పని పనే. పెట్టెలో నిప్పులు ఇంకా ఉన్నాయి. తడి లాగేదాకా చేయి మీద, కాలరు మీద, నలిగిన వీపు మీద ఇస్త్రీ చేశాడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా చెయ్యి ఆగింది, మళ్లీ నడిచింది. షేర్వాణీ మంచుగడ్డలా తెల్లగా తయారైంది. లింబాద్రి దాన్ని అందుకుంటూ లస్మయ్య కళ్లలోకి చూడలేకపోయాడు.

దొరసాని ఎరుపే కట్టుకుంది. నల్లగ పడితె పడనీ అన్నాడు దొర. అంతా ఊపిరి బిగబట్టి ఫోటో దిగారు. గాలికి పిల్ల టోపీ కుచ్చు కదిలిందని ఇంకోసారి దిగారు.

బట్టలు మడతపెట్టాలని లింబాద్రి పిలిచేసరికి లస్మయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పలకలేదు. ఎడమవైపు నుంచి పిలిచానేమోనని లింబాద్రి కుడివైపు తిరిగి వచ్చి పిలిచాడు. అప్పటికీ పలకలేదు. ఇస్త్రీ పెట్టెలో నిప్పులు బూడిదయ్యాయి. లింబాద్రి కింద కూలబడి, తన తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

చీకటి పడ్డాక హనుమాండ్లు పైఠాణీని కొంగుకింద దాచినట్టు గొంగడికింద దాచి తెచ్చాడు. ఏడవడానికి కూడా భయపడుతూ సాలవ్వ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె చీర అందుకుంది. కాలిందని లస్మయ్య చెప్పాడు కాబట్టి కాలాల్సిందేనని, దాన్ని మడత విప్పకుండా బట్టలుడికించే బాన కింద పొయ్యిలో పెట్టింది. పట్టు కాలిన వాసన ఇల్లంతా పట్టింది. పొద్దున లస్మయ్యను సాగనంపారు.

తరువాత ఊరివాళ్లు తమ బట్టల కోసం ఒక్కొక్కరే వచ్చారు. నల్లజీడి రసంతో లస్మయ్య అంచున పెట్టిన చుక్క, గీత, కొక్కెం: ఎవరి ఇంటి గుర్తు వాళ్లకు ఎరుకే. సాలవ్వ ముఖం చూడలేక, ఎవరివి వాళ్లు వెతుక్కుని చప్పుడు చేయకుండా తీసుకుపోయారు. పొద్దు గుంకే వేళకు దండెం మీద మోకాళ్ల దగ్గర చిరిగిన ధోవతి ఒక్కటి మిగిలింది. దాని అంచున ఏ గుర్తూ లేదు.