ఒడిలో బియ్యం, పళ్లెంలో కాగితం

ఆదివారం చేయాల్సిన పనులు: మామయ్య బీపీ మాత్ర వేసుకున్నాకే టీ ఇవ్వాలి. చిక్కడపల్లి మార్కెట్‌కు పొద్దున్నే పోయి మటన్ తేవాలి, అన్నకు నమలడానికి బొక్కలుండాలి. నారాయణగూడ టైలర్ దగ్గర జాకెట్టు తెచ్చుకోవాలి. పీట కడిగి పసుపు రాయాలి. బుధవారం బాగ్ లింగంపల్లి సభలో చదవాల్సిన కాగితాలు ఒకసారి చూసుకోవాలి. అత్తమ్మ పట్టుచీర ఇస్త్రీకి వేయాలి. అన్నకు సంతకం పెట్టనని చెప్పాలి.

చివరిది తప్ప అన్నీ ఫోన్‌లో రాసుకున్నాను. చివరిది రాసుకోవడానికి సిగ్గేసింది.

నేను వకీలును. అశోక్‌నగర్‌లో కింద జిరాక్స్ షాపు, పైన గ్రూప్స్‌కు చదివే అమ్మాయిల హాస్టల్ ఉన్న బిల్డింగులో నడి అంతస్తు మా కేంద్రం. ఆడవాళ్ల ఆస్తి హక్కుల మీద పరిశోధన చేస్తాం, కేసులు వేస్తాం. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. అందుకేనేమో చెప్పిన పనల్లా చేస్తాను. మీటింగ్‌లో టీ మాట రాగానే అందరూ నా వైపే చూస్తారు. "సంధ్య టీ పెడితే ఆ రుచే వేరు" అంటారు మా పెద్ద వకీలు మాధురి గారు. ఇంటి చాకిరీకి విలువ కట్టడం ఎలా అని లోపల వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను కప్పులు కడుగుతుంటాను. ఆ మాటల్లో సగం నీళ్ల చప్పుడులో నాకు వినపడవు.

బాపు పోయి ఏడాది దాటింది. పొలం అన్న కుమారస్వామి పేరున మారాలంటే అక్కా నేనూ వాటా వదులుకున్నామని సంతకాలు పెట్టాలి. వారం కింద అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, ఆదివారం నీకు ఒడిబియ్యం పోస్తం. అక్కను గూడ తోల్కొస్తున్న. గట్లనే ఆ సంతకం పని గూడ అయిపోతది. తెల్లారే రిజిస్ట్రేషన్." రెండూ ఒకే మాటలో చెప్పాడు.

ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో రెండు గొంతులు. "వాటా అడిగిన ఆడిబిడ్డ మొఖం ఎవరు జూస్తరు? రేపు నీకు చీర పెట్టేటోళ్లెవరు?" అని అత్తమ్మ. "నువ్వు ఊరోళ్లకు చెప్పే హక్కులు నీకు లేవా? ఆ వాటా వస్తే కవాడిగూడ ఫ్లాట్ మనదైతది" అని నా భర్త జగదీశ్వర్. ఏడేళ్లుగా నా పనిని "ఆ ఆడోళ్ల ఆఫీసు" అనే మనిషికి హఠాత్తుగా హక్కుల మీద ప్రేమ పుట్టింది. అత్తమ్మ మాట వింటే నేను సభల్లో చెప్పేదంతా అబద్ధం. ఆయన మాట వింటే అన్న ముందు నేను మొగుడు పంపిన మనిషిని. ఇద్దరి మధ్య మటన్ కడుగుతూ నిలబడ్డాను.

వాళ్లు పదింటికల్లా వచ్చారు. అన్న, వదిన మహేశ్వరి, వెనకాల బియ్యం సంచి చంకన పెట్టుకుని అక్క భూదేవి. అక్క నాకంటే పదేళ్లు పెద్ద. ఆమె మొగుడు ఇంకొక మనిషిని చేసుకుని భీవండి పోయాడు. అప్పటినుంచి అక్క అన్న ఇంట్లోనే ఉంటుంది. నాట్లు, కలుపు, బర్రె, వదిన పిల్లలు, అన్నీ ఆమెవే. నేను హాస్టల్లో చదువుకున్న రోజుల్లో పచ్చడి జాడీ మోసుకొచ్చింది కూడా ఆమే.

వస్తూనే వంటింట్లోకి వచ్చి ఉల్లిగడ్డలు ముందేసుకుంది. "ఏం చిక్కినవే. కోర్టుల బువ్వ పెట్టరా?"

"అక్కా, సంతకం పెడతవా?" అని మెల్లగా అడిగాను.

"నువ్వు పెడితే పెడత. చదువుకున్నదానివి, నీకెరుక."

"నేను పెట్టకపోతే?"

కత్తి ఆపింది. "పెట్టకుంటే మీ వదినె ఆ ఇంట్ల ఉండనిస్తదా? పెడితే మాత్రం ఎన్నొద్దులు ఉండనిస్తదో ఆమెకే ఎరుక." నవ్వింది. "నాకు రెండు దిక్కులా గుంతనే ఉన్నది చెల్లె. నువ్వు ఏ గుంతల దుంకమంటే అండ్ల దుంకుత."

నేను ఏం చేస్తే ఆమె అది చేస్తుంది. ఇట్లాంటి మాట క్లయింటు ఎవరైనా అంటే నా దగ్గర జవాబు ఉంటుంది. అక్క అన్నప్పుడు కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టాను.

పీట మీద కూర్చోబెట్టారు. వదిన నా కొంగు పరిచి పసుపు బియ్యం దోసిళ్లతో పోసింది. కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, రవిక ముక్క. అత్తమ్మ కూడా పోసింది. పళ్లెం పట్టుకుని నిలబడింది మాత్రం అక్క. ఆమె ఒడిలో బియ్యం పోయడం ఎప్పుడో ఆగిపోయింది. మొగుడు బతికే ఉన్నా, 'అత్తగారిల్లే లేనిదానికి ఒడిబియ్యం ఎందుకు' అని ఎవరో అన్నారు, అదే ఆచారమైపోయింది. నా ఒడి బరువెక్కుతుంటే నేను తల ఎత్తలేకపోయాను. బియ్యం ఒడిలో ఉన్న మనిషి లేవకూడదు. అన్న అదే సమయం చూసి పళ్లెంలో, కుంకుమ పక్కన, కాగితాలూ పెన్నూ పెట్టాడు.

"అక్కా, పెద్దదానివి. మొదలు నువ్వు పెట్టు."

"చెల్లె చదివినంక పెడత" అంది అక్క.

చదివాను. 'పుట్టింటి పసుపుకుంకుమలే నాకు చాలునని తలచి, నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా...' రెండో వాక్యం చదవాల్సిన అవసరం రాలేదు. ఆ మాటలు నాకు కంఠస్థం. అవి నేను రాసినవే.

మా కేంద్రం ఒక చిన్న పుస్తకం వేసింది. ఊళ్లలో ఆడపిల్లలతో ఎట్లాంటి కాగితం మీద సంతకం చేయిస్తారో ముందే తెలియాలని అందులో ఒక మాదిరి పత్రం పెట్టాం. పైన పెద్ద అక్షరాల్లో 'ఇలాంటి కాగితం మీ ముందుకొస్తే సంతకం పెట్టకండి' అని వేశాం. చూస్తే నిజం పత్రంలా ఉండాలని నేను ఒక్కో మాట ఏరి ఏరి రాశాను. 'పసుపుకుంకుమలే చాలునని' అన్నది నా సొంత కల్పన. మాధురి గారు మెచ్చుకున్నారు. దసరాకు ఒక కాపీ అన్నకిచ్చి, చదవమని చెప్పాను.

అన్న చదివాడు.

"మస్తు రాసినవ్ చెల్లె" అన్నాడు, నిజంగానే గర్వంగా. "దస్తావేజులు రాసేటాయన చూసి, ఎవరు రాసిండ్రన్నా, ఒక్క మాట తీసేటట్టు లేదన్నడు. ఆయన గూడ జిరాక్స్ తీస్కున్నడు, అందరికీ గిదే ఇస్త అని."

ఎంతమంది చేతుల్లోకి పోయిందో ఆ వాక్యం. పైనున్న హెచ్చరిక కోసేస్తే కింద మిగిలేది ఊరి మగవాళ్లకు కావాల్సిన పత్రమేనని మాలో ఒక్కరికీ తోచలేదు. సభల్లో మేం చప్పట్లు కొట్టించుకుంటుంటే, నా తెలుగు ఏ పీటల మీదనో ఆడవాళ్ల ఒళ్లో పడుతూ ఉంది.

గుమ్మంలో జగదీశ్వర్ దగ్గాడు. అది నాకు సైగ. ఇప్పుడు పెట్టనంటే అది ఆయన మాటే అవుతుంది. అయినా కాగితం మళ్లీ పళ్లెంలో పెట్టేశాను.

"అన్నా, నేను పెట్టను."

చాలా చిన్న గొంతుతో అన్నాను. మైకుంటే తప్ప వినపడని గొంతు. అయినా అన్నకు వినపడింది.

"బావ నేర్పిండా?"

సంతకం పెడతానంటే అది అన్న మాట, పెట్టనంటే భర్త మాట. నా నోట్లోంచి వచ్చే మాట నాదని ఈ గదిలో అనుకునేవాళ్లు ఎవరూ లేరు. ఆ సిగ్గులోంచే నాకు మిగతా మాట దొరికింది.

"బావకు గూడ ఇయ్య. ఫ్లాటుకు ఇయ్య. నా వాటా, అక్క వాటా కలిపి ఒక్క తాన కొలిపిస్త. ఇన్నేండ్లు కూలి లేకుండ చేసిన పొలమే, అక్కనే చేసుకుంటది."

దగ్గు ఆగిపోయింది. "పుట్టింటి తొవ్వ మూసుకున్నవ్ పో" అంది అత్తమ్మ. అన్న అక్క వైపు తిరిగాడు. "అది పట్నం మనిషైంది. నీ సంగతేందక్కా? నువ్వైతే మా ఇంటి ఆడిబిడ్డవు."

అక్క పళ్లెం వంక చూసింది, నా ఒడి వంక చూసింది. పళ్లెం కింద పెట్టింది.

"సంతకానికి ఆడిబిడ్డను, ఒడిబియ్యానికి కానా తమ్మీ?"

అంతే అన్నది. చేతులు కొంగులో చుట్టుకుంది. ఆమె భయపడుతోందని అందరికీ తెలుస్తోంది.

మటన్ ఎవరూ తినలేదు. అక్కను ఉండిపొమ్మన్నాను. "బర్రెకు పాలెవరు పిండుతరే" అంది. ఆటో ఎక్కేముందు ఆమె కొంగు పట్టి, నాకు పోసిన బియ్యంలో సగం పోశాను. ఇట్లా చేయొచ్చో లేదో నాకు తెలియదు. ముడేసుకుంది. ఆటోలో అన్నా వదినల పక్కన ఆ మూటను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆమెను ఆ ఇంటికే మళ్లీ పంపించాను. ఆ సిగ్గు ముందు మిగతావన్నీ చిన్నవే.

సోమవారం మాధురి గారికి అంతా చెప్పాను. విని, తనే లేచి టీ పెట్టుకొచ్చారు. బాగాలేదు, తాగాను. మిగిలిన పుస్తకాల్లో ఆ పేజీ చింపేయాలనుకున్నాం. "దాని జాగాలో మీ అక్క సంగతి రాయి. మామూలుగానే పేరు మార్చేయ్" అన్నారు.

అడగాలని అక్కకు ఫోన్ చేశాను. పక్కింటివాళ్ల ఫోన్‌లో దొరికింది. వదిన మాట్లాడటం లేదట, పడక వసారాలోకి మారిందట. అన్న మళ్లీ రెండుసార్లు కాగితం తెచ్చాడట. పెట్టలేదు. బియ్యం మాత్రం వండుకుని ఇంట్లో అందరికీ పెట్టిందట. పేరు మారుస్తామని చెప్పాను.

"ఎందుకు మార్చుడు? నేనేమన్న దొంగతనం చేసిన్నా? నాకు జర బుగులైతున్నది గని, పేరైతే నాదే రాయి."

కొలతకు దరఖాస్తు పెట్టాను. శనివారం నేనే పోతున్నాను. మటన్ ఎవరు వండుతారని ఇంట్లో అడిగారు, తెలియదన్నాను.

ఆ చింపేసిన పేజీ జాగాలో ఈ పేజీ చదివే మీరు ఒక పని చేయండి. పసుపుకుంకుమలే చాలునన్న కాగితం మీ ముందుకొస్తే, ఆ మాట రాసింది నేనని తెలుసుకోండి. పెన్ను పట్టుకునే ముందు మాత్రం, వసారాలో పడుకుని, భయపడుతూనే సంతకం పెట్టకుండా ఉన్న ఒక మనిషిని తలుచుకోండి. ఆమె పేరు భూదేవి. మార్చలేదు.